అనుకోని గర్భం: వైద్యుల మాట ఎలా ఉండాలి?

ఖలీఫా ఉమర్ (రజి) హయాంలో జరిగిన ఒక సంఘటనను ఫిఖ్హ్ గ్రంథాలు భద్రపరిచాయి. ఒక స్త్రీ విషయమై ఏదో సమాచారం అందగా ఖలీఫా ఆమెకు కబురు పంపారు. ఆమె గర్భవతి. ఖలీఫా పిలుస్తున్నారని వినగానే ఆమె గుండె అదిరింది. దారిలోనే నొప్పులు వచ్చాయి. బిడ్డ పుట్టీ పుట్టగానే మరణించింది. ఉమర్ (రజి) సహచరులను సలహా అడిగారు. పాలకుడిగా మీ బాధ్యత మీరు నిర్వర్తించారు, మీపై దోషమేమీ లేదని కొందరన్నారు. అలీ (రజి) మాత్రం దానికి అంగీకరించలేదు. ఆమె భయపడింది మీ వల్లనే గనుక బిడ్డ రక్తపరిహారం మీపైనే ఉందని స్పష్టం చేశారు. ఉమర్ (రజి) ఆ తీర్పును శిరసావహించారు.

మదరసాలో ఈ అధ్యాయాన్ని విద్యార్థులకు బోధించే ప్రతిసారీ మేము ఒక విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుచేస్తుంటాము. ఖలీఫా ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. అధికారం గల వ్యక్తి నుంచి వచ్చిన పిలుపే ఆమెను కుంగదీసింది. అధికారం గలవారు తమ మాట వల్ల ఇతరుల గుండెల్లో పుట్టే భయానికి కూడా జవాబుదారులేనని ఇస్లామీయ ధర్మశాస్త్రం ఇక్కడ బోధిస్తోంది. నేడు గర్భిణి ఎదుట అటువంటి అధికారం గలవారు ఎవరు? తెల్లకోటు ధరించిన డాక్టరు, చీటీ రాసే నర్సు, ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త, ఆపై మావంటి ఉలమా.

ఈ పత్రిక పాఠకుల్లో వైద్య వృత్తిలో ఉన్న సోదరీ సోదరులు చాలామంది ఉన్నారు. కోరుకోని వేళ గర్భం దాల్చిన స్త్రీ తమ వద్దకు వచ్చినప్పుడు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అని వారు మమ్మల్ని అడుగుతుంటారు. వైద్యం మా విద్య కాదు. అయితే వైద్యులు చెప్పినది విని, ఆ తర్వాత మా గుమ్మం ఎక్కే కుటుంబాలను మేము చూస్తున్నాము. ఆ అనుభవంతోనూ, చట్టాన్నీ షరీఅత్‌నూ చదివి గ్రహించిన దానితోనూ ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

వచ్చేది ఎవరు?

అనుకోని గర్భం అనగానే చాలామంది మనసుల్లో అక్రమ సంబంధం మెదులుతుంది. మా వద్దకు వచ్చిన ప్రశ్నల్లో అత్యధికం నికాహ్ బంధంలో ఉన్న ఇల్లాళ్లవే. చంటిబిడ్డకు పాలిస్తున్నంతకాలం గర్భం రాదని నమ్మిన తల్లి ఒకరు. నిజానికి బిడ్డకు 6 నెలలు నిండక ముందు, కేవలం తల్లిపాలే పడుతూ, నెలసరి తిరిగి మొదలుకాకుండా ఉంటేనే ఆ రక్షణ ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా గర్భం రావచ్చు. భర్త గల్ఫ్ నుంచి రెండు నెలల సెలవుపై వచ్చి వెళ్లిన తర్వాత నెల తప్పిందని గ్రహించిన భార్య మరొకరు. గర్భంతో ఉండగానే తలాక్ పొందిన స్త్రీ, భర్తను పోగొట్టుకున్న స్త్రీ, కాపర్ టీ ఉండగానే గర్భం నిలిచిన స్త్రీ కూడా ఉన్నారు. వీరితోపాటు అత్యాచారానికి గురైన అభాగినులు, ఇంకా 18 ఏళ్లు నిండని బాలికలు కూడా ఉన్నారు.

వీరందరికీ ఒకే ఉపదేశం పనికిరాదు. అందువల్ల సలహా చెప్పేవారి మొదటి విధి వినడం.

తొలి పది నిమిషాలు

పరీక్షలో గర్భం ఉన్నట్లు తేలగానే ముబారక్ అని అభినందించడం గానీ, అయ్యోపాపం అని నిట్టూర్చడం గానీ చేయవద్దు. రెండూ ఆమె నోరు కట్టేస్తాయి. ఈ వార్త మీకెలా అనిపిస్తోందమ్మా అని అడిగి, ఆమె మాట్లాడేవరకూ ఆగండి. ఏడ్వడానికీ, ఆలోచించుకోవడానికీ ఆమెకు వ్యవధి ఇవ్వండి.

ఆమెతో కొద్దిసేపైనా ఒంటరిగా మాట్లాడటం అవసరం. అత్తగారు, ఆడబిడ్డ, భర్త పక్కన ఉండగా చాలామంది తమ మనసులోని మాట చెప్పలేరు. పరీక్ష చేయాలి, మీరు కాసేపు బయట ఉండండి అంటే ఎవరూ నొచ్చుకోరు. పురుష వైద్యులైతే ఒక నర్సు సమక్షంలో మాట్లాడవచ్చు. అది ఆమె హయాకూ, మీ గౌరవానికీ రక్షణ. భాష సంగతి కూడా మరువరాదు. కోస్తా, రాయలసీమల్లోని నూర్‌బాషా కుటుంబాలకు తెలుగే మాతృభాష. హైదరాబాద్, కర్నూలు వంటి చోట్ల ఉర్దూ మాత్రమే ధారాళంగా వచ్చిన స్త్రీలు ఎందరో ఉన్నారు. అటువంటి చోట అత్తగారిని దుబాసీగా పెట్టుకుంటే డాక్టరు ప్రశ్నకు అత్తగారి సమాధానమే వస్తుంది. ఉర్దూ తెలిసిన నర్సును పిలవడం మేలు.

ఆ తర్వాత నెమ్మదిగా అడగవలసినవి మూడు. ఈ గర్భం విషయంలో ఎవరైనా మిమ్మల్ని బలవంతపెడుతున్నారా? ఇంట్లో మీకు భయం ఉందా? ఈ సంగతి ఎవరికి తెలియాలని, ఎవరికి తెలియకూడదని మీరు కోరుకుంటున్నారు? ఉంచుకోమన్న బలవంతమైనా, తీయించుకోమన్న బలవంతమైనా బలవంతమే. ఆడపిల్లేమోనన్న అనుమానంతో తీయించుకోమని ఒత్తిడి చేసే కుటుంబాలు మనలోనూ లేకపోలేదు. పుట్టిన ఆడశిశువును సజీవంగా పూడ్చిపెట్టిన అజ్ఞాన కాలపు ఆచారాన్ని దివ్య ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా ఖండించిందో మనకు తెలుసు. గర్భస్థ శిశువు లింగనిర్ధారణను దేశ చట్టం కూడా 1994లోనే నిషేధించింది.

నెలల లెక్కలో జాగ్రత్త

వైద్యుల లెక్కకూ ఉలమా లెక్కకూ మధ్య ఒక వ్యత్యాసం ఉంది. దీన్ని గ్రహించకపోవడం వల్ల అనేక కుటుంబాలు అయోమయంలో పడుతున్నాయి. వైద్యులు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. గర్భధారణ సాధారణంగా ఆ తర్వాత సుమారు రెండు వారాలకు జరుగుతుంది. ధర్మశాస్త్రవేత్తలు చెప్పే 40 రోజులు, 120 రోజులు గర్భధారణ నుంచి లెక్కించేవి. కాబట్టి షరీఅత్ లెక్కలోని 40 రోజులు డాక్టరు చీటీలో దాదాపు ఏడున్నర, ఎనిమిది వారాలుగా కనిపిస్తాయి. 120 రోజులు దాదాపు 19 వారాలవుతాయి. ఆలిమ్‌ను సంప్రదించే కుటుంబానికి మీరు స్కానింగ్ రిపోర్టుతోపాటు ఈ తేడాను కూడా రాసి ఇస్తే పెద్ద ఉపకారం చేసినవారవుతారు.

మరో ముఖ్య విషయం. అవయవ లోపాలను వివరంగా చూసే స్కానింగ్‌ను సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య చేస్తారు. అంటే ఆ రిపోర్టు సరిగ్గా 120 రోజుల అంచున చేతికి వస్తుంది. అందుకే 11 నుంచి 13 వారాల మధ్య చేసే తొలి స్కానింగ్‌ను వాయిదా వేయవద్దని ప్రతి గర్భిణికీ నొక్కి చెప్పండి.

ధర్మం ఏమంటోంది?

ప్రాణం అల్లాహ్ అమానత్ అన్న విషయంలో ఉలమా మధ్య భేదాభిప్రాయం లేదు. పేదరికపు భయంతో సంతానాన్ని చంపవద్దని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు ఆధారంగా, 120 రోజులకు పిండంలో ఆత్మ ఊదబడుతుందని అధిక సంఖ్యాకులైన పండితులు పేర్కొన్నారు. ఆ తర్వాత గర్భం తీయించడం నిషిద్ధం. తల్లి ప్రాణానికే ముప్పు ఏర్పడితే తల్లిని కాపాడాలన్నది నేటి ఫిఖ్హ్ మండలుల నిర్ణయం.

120 రోజులకు ముందు విషయంలో అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి. మాలికీ పండితులు చాలా కఠినంగా నిషేధించారు. ఇమామ్ గజాలీ ప్రతి దశలోనూ దాన్ని నేరంగానే పరిగణించి, దశ పెరిగేకొద్దీ నేర తీవ్రత పెరుగుతుందన్నారు. హనఫీ పండితుల్లో పలువురు సరైన కారణం ఉంటే అనుమతించారు. అటువంటి కారణానికి ఇబ్ను ఆబిదీన్ తన గ్రంథంలో ఇచ్చిన ఉదాహరణ గమనార్హం: మళ్లీ గర్భం రావడంతో తల్లిపాలు ఆగిపోయి, పాలిచ్చే దాదిని పెట్టుకునే స్తోమత తండ్రికి లేక, ఒడిలోని బిడ్డ ప్రాణం పోతుందన్న భయం ఏర్పడటం. 1990లో మక్కాలోని ఫిఖ్హ్ మండలి, చికిత్సకు లొంగని తీవ్ర లోపం బిడ్డలో ఉందని నమ్మదగిన వైద్యుల బృందం నిర్ధారిస్తే, తల్లిదండ్రుల కోరికపై 120 రోజుల లోపు అనుమతి ఉంటుందని తీర్మానించింది.

ఇదంతా వివరించడం వెనుక మా ఉద్దేశం వైద్యులు ఫత్వాలు ఇవ్వాలని కాదు. హరామ్ అనే ఒక్క మాటతో గానీ, అందరూ చేయించుకుంటున్నారులే అనే ఒక్క మాటతో గానీ సంభాషణను ముగించవద్దన్నదే మా మనవి. షరీఅత్ తీర్పు కోరే స్త్రీని విశ్వసనీయుడైన ముఫ్తీ వద్దకు పంపండి. ఆయనకు కావలసిన వైద్య వాస్తవాలన్నీ రాసి ఇవ్వండి. ఆయన తీర్పు ఆ వాస్తవాలపైనే ఆధారపడుతుంది.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1971లో వచ్చిన ఎంటీపీ చట్టాన్ని 2021లో సవరించారు. దాని ప్రకారం తల్లి ప్రాణానికి ముప్పు, ఆమె శారీరక, మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని, బిడ్డలో తీవ్ర లోపం వంటి కారణాలపై 20 వారాల వరకు ఒక అర్హత గల డాక్టరు అభిప్రాయం చాలు. గర్భనిరోధక సాధనం విఫలం కావడాన్నీ, అత్యాచారాన్నీ చట్టం మానసిక హానిగా పరిగణిస్తుంది. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాల స్త్రీలకు మాత్రమే, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో వీలుంటుంది. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భం మధ్యలో తలాక్ పొందినవారు లేదా వితంతువులైనవారు వీరిలో ఉన్నారు. 24 వారాలు దాటాక బిడ్డలో తీవ్ర లోపం ఉన్నట్లు మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణాన్ని తక్షణం కాపాడవలసి వచ్చినప్పుడు ఈ వారాల పరిమితి వర్తించదు.

18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చట్టానికి కావాలి. భర్త సంతకం అవసరం లేదు. భార్యాభర్తలు పరస్పరం సంప్రదించుకోవడం ఇస్లామీయ మర్యాద అన్నది నిజం. పాలు మాన్పించే విషయంలో సైతం ఇద్దరూ సంప్రదించుకోవాలని దివ్య ఖుర్ఆన్ బోధించింది. అయితే ఆ సంప్రదింపు ఇంట్లో ప్రేమతో జరగవలసినది. ఆసుపత్రి కౌంటరు వద్ద సంతకం లేదని ఆమెను వెనక్కి పంపడం సంప్రదింపు అనిపించుకోదు. ఆమె వివరాలను బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష విధించే నిబంధన కూడా 2021 సవరణలో చేరింది. బాలికల విషయంలో పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయక తప్పదు. అయితే బాలిక, సంరక్షకులు కోరితే ఆ నివేదికలో ఆమె పేరు వెల్లడించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పునిచ్చింది.

ఇక్కడ ఒక మాట విషయంలో ప్రజలు మోసపోతున్నారు. చట్టంలోని రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అన్న మాటకు పొడి అక్షరాలు ఆర్ఎంపీ. మన పల్లెల్లో ఆర్ఎంపీ డాక్టరు అని పిలుచుకునేది వైద్య పట్టా లేకుండా సూదిమందు వేసేవారిని. చట్టం చెప్పేది వారి గురించి కాదు. వైద్య పట్టాతోపాటు స్త్రీల వైద్యంలో నిర్ణీత అనుభవం లేదా శిక్షణ ఉన్న డాక్టరు, అది కూడా ప్రభుత్వ ఆసుపత్రిలో లేదా అనుమతి పొందిన ఆసుపత్రిలో మాత్రమే ఈ పని చేయాలి.

ఒక్క మాట చేసిన కీడు

కొంతకాలం క్రితం ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చారు. కూతురి ఒడిలో 8 నెలల పసికందు. ఆమెకు మళ్లీ నెల తప్పగా ఒక ఆసుపత్రికి వెళ్లారట. అక్కడి సిబ్బందిలో ఒకరు పదిమంది వింటుండగా, ముగ్గురున్నారు కదా, మళ్లీనా, మీవాళ్లకు ఇదేం పని అని గద్దించారు. ఆ అమ్మాయి చీటీ కూడా తీసుకోకుండా లేచి వచ్చేసింది. వీధి చివరి మెడికల్ షాపులో మాత్రలు కొని మింగింది. మూడో రోజు రాత్రి రక్తస్రావం ఆగక 108లో పెద్దాసుపత్రికి చేర్చారు. రెండు సీసాల రక్తం ఎక్కించాక ప్రాణం నిలిచింది.

ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే. "హజ్రత్, నేను బిడ్డను చంపిన పాపాన్ని మూటగట్టుకున్నానా? ఆ రోజు డాక్టరమ్మ నాతో మాట్లాడి ఉంటే నేను ఉంచుకునేదాన్నేమో. నాకే తెలియదు."

ఆమెకు తౌబా ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంటుందని, అల్లాహ్ కారుణ్యం విశాలమైనదని చెప్పి ఓదార్చాము. కానీ ఆమె రెండో మాటకు మా వద్ద సమాధానం లేదు. ఉంచుకోవాలో, వద్దో ఆమె ఆలోచించుకోలేదు. ఆలోచించే అవకాశాన్ని ఆ గద్దింపు లాగేసుకుంది. ధర్మమేమిటో తెలుసుకునే వ్యవధి, సురక్షిత వైద్యం పొందే హక్కు, రెండూ ఆ ఒక్క క్షణంలో పోయాయి.

డాక్టరు పర్యవేక్షణలో మందుల ద్వారా గర్భం తీయడానికి మన దేశంలో 9 వారాల వరకే అనుమతి ఉంది. గర్భం ట్యూబులో నిలిచిందేమో చూడకుండా మాత్రలు వేసుకుంటే ప్రాణాపాయం. గర్భసంచిలో ముక్కలు మిగిలిపోతే రక్తస్రావం, చీము. వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండేసి ప్యాడ్లు తడిసినా, జ్వరం ఒక రోజుకు మించి ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఏం మింగారో దాచవద్దని, చెప్పినందుకు ఎవరూ శిక్షించరని ఆమెకు ధైర్యం చెప్పండి.

ముందున్న మూడు దారులు

ఆమె ఎదుట ఉన్న దారులను పక్షపాతం లేకుండా, ఒక్కొక్కటిగా వివరించడమే సలహాదారు పని.

మొదటిది, బిడ్డను కని పెంచుకోవడం. చాలామంది భయం బిడ్డ గురించి కాదు, ఖర్చు, చాకిరీ, ఒంటరితనం గురించి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయని, అంగన్‌వాడీలో పోషకాహారం లభిస్తుందని చెప్పండి. తలాక్ పొందిన గర్భిణికి కాన్పు అయ్యేవరకూ ఇద్దత్ ఉంటుంది, అంతవరకూ ఆమె పోషణ భర్త బాధ్యత. పుట్టిన బిడ్డ పోషణ కూడా తండ్రిదే. ఈ హక్కులు తెలియక హడావుడిగా నిర్ణయం తీసుకున్న స్త్రీలున్నారు.

రెండోది, కని మరొకరి సంరక్షణకు అప్పగించడం. ఇస్లాం అనాథను పెంచడాన్ని మహత్తర పుణ్యకార్యంగా పేర్కొంది. అయితే బిడ్డ వంశాన్ని, తండ్రి పేరును మార్చరాదని షరతు పెట్టింది. దీన్నే కఫాలత్ అంటాము. దగ్గరి బంధువుల సంరక్షణలో ఉంచడం, 1890 నాటి గార్డియన్స్ చట్టం కింద సంరక్షకుడిని నియమింపజేసుకోవడం దీనికి దగ్గరి మార్గాలు. పెంచే శక్తి లేని తల్లి శిశు సంక్షేమ కమిటీ ఎదుట బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. పిల్లలు లేని దంపతులు అడుగుతున్నారని ఆసుపత్రి నుంచే బిడ్డను చేతులు మార్చి డబ్బు తీసుకోవడం ఘోర నేరం. ఆసుపత్రి సిబ్బందే ఆ పని చేస్తే 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష ఉంది. దారి తెలియనివారికి 1098 నంబరు ఇవ్వండి.

మూడోది, చట్టపు హద్దుల్లో గర్భం తీయించుకోవడం. ఎన్ని వారాలైంది, ఏ పద్ధతి, ఎంత రక్తస్రావం ఉంటుంది, ఏ ప్రమాదాలున్నాయి అన్నది దాచకుండా చెప్పండి. భయపెట్టడానికి లేనిపోనివి కల్పించవద్దు. ఇక జీవితంలో పిల్లలు పుట్టరు వంటి మాటలతో బెదిరించడం అబద్ధం చెప్పడమే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే చేస్తామని షరతు పెట్టడం అన్యాయం.

మనస్సాక్షి అంగీకరించని ముస్లిం వైద్యులు ఏం చేయాలి? తాము చేయలేమని మర్యాదగా చెప్పి, ఆలస్యం కాకుండా మరో అర్హత గల డాక్టరు వద్దకు పంపాలి. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పి వారాలు గడిపించడం మోసం. తల్లి ప్రాణం ఆపదలో ఉన్నప్పుడు మాత్రం వెనకడుగు వేసే హక్కు ఎవరికీ లేదు.

పాపం తలవంచుకొని వచ్చినప్పుడు

వివాహం కాని యువతి వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలి? సహీహ్ ముస్లింలో ఒక హదీసు ఉంది. వ్యభిచారం వల్ల గర్భవతి అయిన ఒక స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తన పాపాన్ని ఒప్పుకున్నప్పుడు, ఆయన ఆమె సంరక్షకుణ్ణి పిలిపించి, కాన్పు అయ్యేవరకూ ఆమెతో మంచిగా మెలగాలని ఆదేశించారు. ఆ ఉదంతంలోని తక్కిన భాగం న్యాయస్థానానికి సంబంధించినది. గర్భిణి విషయంలో ఆయన ఇచ్చిన మొదటి ఆదేశం మాత్రం మంచిగా మెలగమనే. నేరం అనుమానం ఉన్న ఇంట్లో హింస జరిగే ప్రమాదం ఎక్కువ గనుక ఆయన సంరక్షకుణ్ణే ఉద్దేశించి మాట్లాడారని వ్యాఖ్యాతలు వివరించారు. ఆసుపత్రి తీర్పు చెప్పే చోటు కాదు. ఆమె ఇంటికి వెళితే ప్రాణభయం ఉందని అనిపిస్తే 181 మహిళా హెల్ప్‌లైన్‌ను సంప్రదించండి. అత్యాచారం జరిగిన సందర్భంలోనైతే ఆమె బాధితురాలు, పాపి కాదు. ఈ మాటను ఆమె ఎదుట, ఆమె తల్లిదండ్రుల ఎదుట స్పష్టంగా పలకండి.

నిర్ణయం తర్వాత

ఆమె ఏ దారి ఎంచుకున్నా అంతటితో మీ పని ముగిసిపోదు. రెండు వారాలకు మళ్లీ రమ్మనండి. గర్భం పోయినవారిలో దుఃఖం, ఉపశమనం, అపరాధభావం కలగలిసి ఉంటాయి. నిద్ర పట్టక, బతుకుపై విరక్తి కలుగుతుంటే 14416 టెలీమానస్ నంబరుకు ఫోను చేయమనండి. ఆ రక్తస్రావంలో నమాజు చేయవచ్చా అని ఆమె అడుగుతుంది. పిండానికి అవయవాలు ఏర్పడ్డాయా లేదా అన్నదానిపై ఆ తీర్పు ఆధారపడుతుంది గనుక, ఎన్ని వారాలకు జరిగిందో రాసి ఇచ్చి ఆలిమ్‌ను అడగమనండి.

మళ్లీ ఈ పరిస్థితి రాకుండా తాత్కాలిక గర్భనిరోధక పద్ధతులను వివరించండి. దైవప్రవక్త (స) కాలంలో, దివ్య ఖుర్ఆన్ అవతరిస్తున్న రోజుల్లోనే సహాబాలు అజ్ల్ పాటించారని జాబిర్ (రజి) తెలిపారు. ఈ ఆధారంపై భార్యాభర్తల సమ్మతితో తాత్కాలిక పద్ధతులను పాటించడానికి ఉలమా అనుమతించారు. కాపర్ టీ, మాత్రలు, మూడు నెలల అంతర ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా లభిస్తాయి. ఈ సంగతి కాన్పు కోసం వచ్చిన ప్రతి తల్లికీ, ఇంటికి వెళ్లకముందే చెప్పగలిగితే, ముందు వివరించిన కష్టాల్లో సగం ఎదురు కావని మా నమ్మకం.

చివరగా మా సాటి ఉలమాకు ఒక మనవి. మీ పరిసరాల్లో విశ్వాసపాత్రులైన ఒకరిద్దరు డాక్టరమ్మలతో పరిచయం పెంచుకోండి. ప్రశ్న తెచ్చిన కుటుంబాన్ని రిపోర్టు చూడకుండా పంపవద్దు. స్త్రీ తానే వచ్చి చెప్పుకోవాలనుకుంటే మీ ఇంటి ఆడవారి సమక్షంలో వినండి. డాక్టరు వద్ద ఒక మాట, మౌలానా వద్ద మరో మాట విని నడివీధిలో నిలబడిపోయే స్త్రీ మన సమాజంలో ఉండకూడదు. భయంతో వచ్చినవారికి అభయమిచ్చే నాలుకను, సత్యాన్ని మృదువుగా పలికే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.